కోడి ముందర రెండు గిన్నెలు

నేను చదివింది నాలుగో తరగతి వరకే, అదీ షోలాపూర్‌లోని తెలుగు బడిలో. మిగిలిన చదువంతా సాంచెల మీదనే అయింది. 1979లో పద్దెనిమిదేండ్లప్పుడు మిల్లులో బదిలీ కార్మికునిగా చేరిన. మిల్లు మూతబడ్డంక పవర్‌లూమ్ కార్ఖానాలలో టవళ్లు నేసిన. ఇప్పుడు చేతులు ఊరుకోక ఇంటికాడ కోళ్లు చూసుకుంటున్న. ఆరు పెట్టలు, ఒక పుంజు. ఈ కోళ్ల విషయంలో నేను ఒక తప్పు చేసిన. అదే తప్పు మన వస్తీలలో చాలామంది చేస్తుండటం చూసి ఇది రాస్తున్న.

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి ఈ ఊరికి వచ్చినప్పుడు మగ్గం సామాను తెచ్చుకున్నడు. మా నానమ్మ మాత్రం గంపలో ఒక పెట్టను తెచ్చుకున్నదట. అప్పటినుంచి మా ఇంట్లో కోళ్లు లేని రోజు లేదు. అయినా కోడికి ఏం పెట్టాలె అని మేము ఎన్నడూ ఆలోచించలేదు. పొద్దున గంప లేపితే అవే పోయేవి. మోరీ ఒడ్డు, వేపచెట్టు మొదలు, కూలిన మట్టిగోడ, అన్నీ గీకి గీకి మాపటికి కడుపు నింపుకొని వచ్చేవి. మనం రెండు పిడికిళ్ల జొన్నలు చల్లితే అయిపోయేది.

రెండేండ్ల కింద మా గల్లీకి సిమెంటు రోడ్డు పడ్డది. మంచిదే అయింది. వానాకాలం బురద పోయింది, పిల్లలు జారిపడుడు తగ్గింది. పనిలో పని అని నేను కూడా మా వాకిట్లో షహాబాద్ ఫర్షీ పరిపించిన. వాకిలి అద్దంలెక్క అయిందని మురిసిపోయిన. కోళ్ల కాళ్ల కింద మట్టి లేకుండా పోయిందన్న సంగతి నాకు తట్టలేదు.

తోలు గుడ్లు

ఐదారు నెలలకు గుడ్లు పలచబడ్డయి. చేతిలోకి తీసుకుంటేనే చిట్లేవి. కొన్నింటికైతే పెంకే లేదు, పైన తోలు ఒక్కటే. పొద్దున గూడు తెరిస్తే గడ్డి తడిసి ఉండేది. ఒక పెట్ట పగిలిన గుడ్డు తినుడు మరిగింది, దాన్ని చూసి ఇంకొకటి నేర్చుకున్నది.

గుడ్ల పైసలు మా ఇంటామెవి. ఆమె పన్నెండేండ్ల వయసు నుంచి బీడీలు చుట్టింది. దినానికి వెయ్యి బీడీలు చుట్టిన చేతులు ఇప్పుడు కత్తెర పట్టనిస్తలేవు. అందుకే బీడీల పని మానేసింది. గుడ్డు పది రూపాయలకు అమ్మి ఆ పైసలు పాత పౌడరు డబ్బాలో వేసుకుంటది. మనుమరాలి నోటు పుస్తకాలు, ఆమె సొంత మందులు ఆ డబ్బాలో నుంచే. నన్ను అడగదు, కొడుకును అడగదు. ఆ డబ్బా ఖాళీ అయితే ఆమె మొఖం ఎట్ల ఉంటదో నాకు తెలుసు.

పక్కింటి పెద్దమ్మ చూసి, "సున్నం తక్కువైంది బిడ్డా, మేతలో జర సున్నం కలుపు" అన్నది. ఆమె అన్నదాంట్లో సగం నిజమే ఉండె. నేను మాత్రం మొత్తం తప్పు చేసిన. పాన్‌లో వేసుకునే తడి సున్నం తెచ్చి, తవుడులో, నూకలలో కలిపి, అన్ని కోళ్లకూ ఒకటే తట్టలో పెట్టిన. అప్పుడు ఒక పెట్ట కింద పదకొండు పిల్లలు ఉండె. అవీ అదే తట్టలో తిన్నయి. పెద్దకోళ్లు రెండు ముక్కులు పొడిచి పక్కకు జరిగినయి. పిల్లలకు ఆ తెలివి ఉండదు కదా. మూడు వారాలలో పదకొండింటిలో నాలుగు పోయినయి. ఏదో తెగులు అనుకున్న. సున్నం మీదికి నా మనసు పోనేలేదు.

నల్లపెట్ట

మా మందలో నల్లపెట్ట పెద్దది. గుడ్డు తప్పక పెట్టేది. ఒకరోజు పొద్దున అది గూట్లో మూలకు తోక కిందికి వాల్చుకొని కూర్చున్నది. ముక్కుతున్నది గానీ గుడ్డు వస్తలేదు. మా ఇంటామె గోరువెచ్చటి నీళ్ల తట్టలో దాన్ని కూర్చోబెట్టి, నెమ్మదిగా ఒళ్లు నిమిరింది. అట్ల చేస్తే ఒక్కోసారి గుడ్డు జారి వస్తది. ఈసారి రాలేదు. మాపటికి అది ఆమె ఒళ్లోనే చచ్చిపోయింది.

తెగులేమో, మిగతావాటికి అంటుతదేమో అన్న భయంతో పొద్దున్నే దాన్ని సంచిలో వేసుకొని జనావరాల సర్కారు దవాఖానకు పోయిన. డాక్టర్ సాబ్ చిన్న వయసు మనిషి, మరాఠీలో ఓపికగా మాట్లాడిండు. కోడిని కోసి ఒక్కొక్కటి చూపించిండు.

ముందు రొమ్ము ఎముక చూపించిండు. నిటారుగా ఉండాల్సిన ఎముక తడిసిన వెదురుబద్దలెక్క వంకర తిరిగి ఉన్నది. వేలితో నొక్కితే వంగింది. లోపల తోలు గుడ్డు అడ్డంపడి ఉన్నది. పెంకు గట్టిగా ఉంటే గుడ్డును బయటికి నెట్టేటందుకు పట్టు దొరుకుతది. తోలు గుడ్డు మెత్తగా జారుతది, పట్టు దొరకదు. పైగా సున్నం తక్కువైతే నెట్టే కండరానికీ బలం ఉండదు.

తర్వాత కందనకాయ కోసిండు. కోడి కూర తినే ఇంట్లో కందనకాయ తెలియని వాళ్లు ఉండరు. కోసి కడిగేటప్పుడు లోపల ఇసుక, చిన్న రాళ్లు వస్తయి. నల్లపెట్ట కందనకాయలో ఒక్క మంచి రాయి లేదు. అరగని జొన్నలు, ఒక సిమెంటు పెళ్ల, పచ్చ గాజు ముక్క, వాటిని చుట్టుకొని టవల్ నూలు పోగులు, ఉండలెక్క. ఆ నూలు చూసి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అది మా గల్లీ కార్ఖానా నూలే.

"కాకా, దీనికి పళ్లూ లేవు, ఎముకలూ లేవు. మీ గల్లీలో మట్టి ఉన్నదా?" అని అడిగిండు. అప్పుడు గానీ నాకు నా ఫర్షీ గుర్తుకు రాలేదు.

రాయి పని వేరు, పెంకు పని వేరు

ఆ రోజు నేను తెలుసుకున్న అసలు ముచ్చట ఇది. కోడికి రాయి కావాలె, సున్నం కావాలె. ఇవి రెండూ ఒకటి కాదు, ఒకదాని పని ఇంకొకటి చేయదు.

కోడికి పళ్లు లేవు. మింగిన గింజ ముందు మెడ కింద సంచిలో నానుతది. తర్వాత కందనకాయలోకి వస్తది. కందనకాయ గట్టి కండ, విసురురాయి లెక్క పిసుకుతది. దాంట్లో గట్టి రాళ్లు ఉంటేనే గింజ నలుగుతది. ఆ రాళ్లు కరగకూడదు. నల్లరాయి, పలుగురాయి లాంటివి అరిగి అరిగి చిన్నగయ్యేదాకా వారాల కొద్దీ లోపలే ఉంటయి. రాళ్లు దొరకని కోడికి ఆ ఆరాటం మాత్రం ఉంటది. దొరికిన గాజు ముక్కో, సిమెంటు పెళ్లో మింగుతది.

సున్నం సంగతి వేరు. అది కరగాలె, రక్తంలో కలవాలె. గవ్వలు, ఆల్చిప్పలు, గుడ్డు పెంకు కందనకాయలోని పులుపుకు కరిగిపోతయి. కాబట్టి గవ్వలు ఎన్ని వేసినా అవి పళ్ల పని చెయ్యవు. రాళ్లు ఎన్ని వేసినా అవి పెంకు పని చెయ్యవు. పడుగు తెగిపోతుంటే పేక ఎంత వేసినా గుడ్డ నిలవదు కదా.

డాక్టర్ సాబ్ లెక్క చెప్పిండు. ఒక గుడ్డు పెంకు తూకం ఐదారు గ్రాములు. అందులో కోడి ఒంట్లో నుంచి పోయే కాల్షియం రెండు గ్రాములకు పైనే. కోడి ఎముకలన్నింటిలో కలిపి ఉండే కాల్షియం ఇరవై గ్రాముల దాకా. అంటే ఒక్క గుడ్డుకు ఒంట్లోని ఎముకలలో పదో వంతు ఖర్చు. తిన్నదంతా ఒంటికి పట్టదు, సగం అటూ ఇటూ పోతది. కాబట్టి దినాం గుడ్డు పెట్టే కోడికి దినానికి నాలుగు గ్రాముల కాల్షియం అందాలె. జొన్నలలో, నూకలలో, తవుడులో అది చాలా తక్కువ. మేతలో లేకపోతే కోడి తన ఎముకలు కరిగించి పెంకు కడతది. ఎముకలలోనూ అయిపోతే తోలు గుడ్డు పెడతది. నల్లపెట్ట చేసింది అదే.

ఇది మన పాత నాటుకోళ్ల కాలంలో ఎందుకు రాలేదని నేను అడిగిన. నాటుకోడి ఏడాదికి అరవై, డెబ్బై గుడ్లు పెట్టి, మధ్యలో పొదుగుకు కూర్చుంటది. ఎముకలు మళ్లీ నిండుతయి. మట్టి గీకితే నత్తగుల్లలు, పురుగులు, పాతగోడ సున్నం దొరుకుతుండె. ఇప్పుడు మనం పెంచేవి సంకరం జాతులు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన గ్రామప్రియ, వనరాజా లాంటివి నాటుకోడికంటే ఎంతో ఎక్కువ గుడ్లు పెడతయి. రాబడి పెరిగింది. ఖర్చయ్యే సున్నమూ పెరిగింది. నేను రాబడి లెక్క రాసుకున్న, ఖర్చు లెక్క మరిచిన.

పిల్లల సంగతి కూడా అడిగిన. చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. గుడ్డుకు రాని పిల్లలకు ఎక్కువ సున్నం పెడితే వాటి మూత్రపిండాలు చెడిపోతయి. పైగా పాన్ సున్నం ఘాటు, నోరు, గొంతు కాలుతది. నాలుగు పిల్లలు తెగులుతో పోలేదు, నా చేతులతోనే పోయినయి. అందుకే సున్నాన్ని ఎన్నడూ అందరి మేతలో కలపొద్దు. విడిగా గిన్నెలో పెట్టాలె. గుడ్డు పెట్టే కోడికి ఎంత కావాలెనో దానికే తెలుసు, అంతే తింటది. పుంజు ఒకటి రెండు ముక్కులు పొడిచి పోతది.

మొదటి గిన్నె: రాళ్లు

మన షోలాపూర్ చుట్టూ నల్లరాయే. క్రషర్ల దగ్గర సన్న చిప్స్ దొరుకుతయి. ఇల్లు కట్టేకాడ మిగిలినవి అడిగితే ఊరికే ఇస్తరు. సిమెంటు కలవనివి చూసి తెచ్చుకోవాలె. రెండు జల్లెడలు పట్టాలె. ముందు పెద్ద కన్నాల జల్లెడ పడితే కందిగింజ కంటే పెద్దవి పైన మిగులుతయి, అవి పారెయ్యాలె. తర్వాత సన్న జల్లెడ పడితే దుమ్ము కిందికి పోతది. మిగిలినవి జొన్నగింజంత నుంచి కందిగింజంత ఉంటయి. పెద్దకోడికి అవే సరి. మూడు నాలుగు నీళ్లు కడిగి ఎండబెట్టాలె.

పిల్లలకు ఇంకా సన్నది, గరుకు ఇసుక చాలు. ఒట్టి పిండి మేత తిన్నన్ని రోజులు దాని అవసరం అంతగా ఉండదు. నూకలు, ఆకు మొదలుపెట్టినప్పుడు ఇసుక పెట్టాలె. నది ఇసుకైతే బాగా కడగాలె.

ఆరు కోళ్లకు వారానికి ఒక పిడికెడు రాళ్లు చాలు. మీ కోళ్లు నిజంగా మట్టిలో, చేనులో తిరుగుతుంటే అవే ఏరుకుంటయి, ఈ గిన్నె అక్కర్లేదు. ఫర్షీ మీద, మేడ మీద, జాలీలో పెంచేవాళ్లకు మాత్రం తప్పదు.

ఒక మాట. షహాబాద్ ఫర్షీ ముక్కలు కొట్టి రాళ్ల గిన్నెలో వెయ్యొద్దు. అది సున్నపురాయి, లోపల కరుగుతది. పాలరాయి కూడా అంతే. అనుమానం ఉంటే కొంచెం పొడి కొట్టి దాని మీద నిమ్మకాయ పిండి చూడండి. బుడగలు వస్తే అది సున్నపు జాతి. నల్లరాయికి బుడగలు రావు.

రెండో గిన్నె: పెంకు, గవ్వలు

కోళ్ల దాణా దుకాణంలో గవ్వల రవ్వ, ఆల్చిప్పల రవ్వ దొరుకుతది. సముద్రానికి దగ్గరగా యానాంలో ఉన్న మనవాళ్లకు ఇది సులువు, అక్కడ గుల్లలకు కొదవలేదు. ఉప్పు పోయేదాకా కడిగి, ఎండబెట్టి, దంచుకుంటే సరి. దినాం గుడ్డు పెట్టే ఒక కోడికి దినానికి పది గ్రాముల రవ్వ అనుకుంటే, ఆరు కోళ్లకు నెలకు రెండు కిలోల లోపే పడతది.

ఇంట్లో గుడ్డు పెంకులు పారెయ్యకండి. మేము ఇట్ల చేస్తం. పెంకులు కడిగి, పది నిమిషాలు నీళ్లలో మరగబెట్టి, ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి, రోట్లో దంచుతం. మరగబెడితే రోగాలు అంటవు. దంచినప్పుడు గుడ్డు ఆకారం ఏమీ మిగలొద్దు. సగం పెంకు అట్లనే వేస్తే కోడి దాన్ని గుర్తుపట్టి, గూట్లో గుడ్లు పొడుచుడు నేర్చుకుంటది. మా కోళ్లకు ఆ అలవాటు మానిపించేసరికి నాకు రెండు నెలలు పట్టింది.

మెత్తగా పిండి చెయ్యొద్దు. రవ్వలెక్కనే ఉండాలె. దీనికి కారణం ఉన్నది. గుడ్డుకు పెంకు కట్టేందుకు ఇరవై గంటల దాకా పడతది, ఆ పనిలో ఎక్కువ భాగం రాత్రిపూటే జరుగుతది. రాత్రి కోడి తినదు. మెత్తటి పిండి తొందరగా దాటిపోతది. రవ్వ అయితే కందనకాయలో నిలిచి, రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతది. మనం నైట్ షిఫ్టుకు పోయేటప్పుడు డబ్బా కట్టుకొని పోయినట్టే. అందుకే గవ్వల గిన్నె సాయంత్రం తప్పక నిండుగా ఉండాలె. చూడండి, నాలుగైదు గంటలకు గుడ్డు పెట్టే పెట్టలు వాటంతట అవే ఆ గిన్నె దగ్గరికి పోతయి.

సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ తగలాలె. దినమంతా చీకటి కొట్టంలో ఉంచితే ఎన్ని గవ్వలు పెట్టినా అంతగా పనిచెయ్యవు. మునగాకు దొరికితే కోసి వెయ్యండి, దాంట్లో కాల్షియం ఉంటది.

నూలు, పొగాకు

ఇది మన ఇండ్లకే వచ్చే ఆపద. కార్ఖానా పక్కన నూలు పోగులు గాలికి వస్తయి. కోడి వాటిని పురుగులనుకొని మింగుతది. మెడ సంచిలో ఉండ కడితే మేత కిందికి దిగదు. కాళ్ల వేళ్లకు చుట్టుకుంటే వేలే ఎండి రాలుతది. పొద్దున కోళ్లు విడిచే ముందు వాకిలి ఊడ్చి, పోగులు ఏరాలె. నేను కార్ఖానా పిల్లలను పిలిచి చెప్పిన. ఇప్పుడు వాళ్లు చెత్తనూలును గోనెసంచిలో వేస్తున్నరు.

బీడీలు చుట్టే ఇండ్లలో పొగాకు పొడి కింద పడనియ్యొద్దు. అది కోడికి విషం. చాట దులిపిన తర్వాత ఆ జాగా ఊడ్చిన తర్వాతనే కోళ్లను విడవాలె.

రెండు గిన్నెలు పెట్టినా గుడ్లు పలచగా వస్తే వేరే కారణాలు చూడాలె. మన ఊరి ఎండాకాలం మీకు తెలుసు. కోడి నోరు తెరిచి ఎగపోస్తుంటే పెంకు పలచబడతది. నీడ, చల్లటి నీళ్లు ముఖ్యం. ముసలి పెట్ట గుడ్డు పెద్దగా, పెంకు పలచగా ఉంటది. అన్ని కోళ్లకూ ఒక్కసారే పలచబడి, పచ్చగా పారుకొని, మెడ తిప్పుతుంటే కొక్కెర తెగులు కావచ్చు. అప్పుడు గవ్వలతో కాలయాపన చెయ్యకుండా దవాఖానకు పోవాలె. దాని టీకా ముందే వేయించుకోవాలె.

మా ఇంటామె అడిగిన మాట

ఫర్షీలో నాలుగు బండలు లేపించిన. అక్కడ మట్టి పోయించి, పక్కన రెండు గిన్నెలు పెట్టిన. నెల లోపే పెంకులు గట్టిపడ్డయి. పౌడరు డబ్బాలో మళ్లీ చప్పుడు మొదలైంది.

ఒక సాయంత్రం గవ్వల గిన్నె నింపుతుంటే మా ఇంటామె గడపలో కూర్చొని చూస్తున్నది. "ఏందయ్యా, కోడి గుడ్డు పెడితే ఎముక కరుగుతదని డాక్టర్ చెప్పిండంటివి. నేను నలుగురిని కన్న, పాలిచ్చి పెంచిన. నలభై ఏండ్లు ఎండ మొఖం చూడకుండా మూలకు కూర్చొని బీడీలు చుట్టిన. నాకెప్పుడన్న గిన్నె పెట్టినవా?" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తెల్లారి ఆమెను దవాఖానకు తీసుకపోయిన. ఏండ్లనుంచి నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అంటుంటే వాతం అని నూనె రాసుకొని ఊరుకున్నం. పరీక్ష చేసి ఎముకలు పలచబడ్డయని చెప్పిన్రు. ఇప్పుడు చెప్పిన మందులు వేసుకుంటున్నది. పొద్దున కోళ్లతోపాటు వాకిట్లో ఎండకు కూర్చుంటది. రాగి జావ, పాలు, మునగాకు కూర ఇంట్లో మొదలైనయి. అంతకుముందు పాలు ఆఖరికి మిగిలితేనే ఆమె చాయ్‌లోకి వచ్చేవి. నొప్పి మొత్తం పోలేదు గానీ మెట్లు ఎక్కుతున్నది.

అన్నలారా, తమ్ముళ్లారా, మీ వాకిట్లో కోళ్లుంటే ఈ ఆదివారమే రెండు గిన్నెలు పెట్టండి, పాత పెరుగు డబ్బాలైనా సరే. ఆ పని అయినంక ఇంట్లోకి పోయి, మీ ఇంటామె పొద్దటినుంచి ఏం తిన్నదో ఒకసారి అడగండి. నేను అడిగేసరికి ముప్పై ఎనిమిదేండ్లు పట్టింది.